గంట తర్వాత ప్రయత్నించండి

'చాలాసార్లు ప్రయత్నించారు, ఒక గంట తర్వాత మళ్ళీ ప్రయత్నించండి' అని ల్యాప్‌టాప్ తెర మీద ఎర్రగా పడేసరికి, ఆ గంటసేపూ విశ్వాసమ్మ ఎదురుగా కూర్చోవడం తప్ప చైతన్యకు ఈ భూమ్మీద చేయదగ్గ పని ఇంకొకటి లేకుండా పోయింది. తప్పు తనదే. వేంపల్లెలో బస్సు దిగి, తుమ్మలపల్లె దారిలో పోయే ఆటో ఎక్కి, మోకాళ్ళ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఆత్రం ఆగక లాగిన్ నొక్కాడు, మళ్ళీ నొక్కాడు, ఇంకోసారి నొక్కాడు. నొక్కిన ప్రతిసారీ ఒక ఓటీపీ బయల్దేరి, ఏయే సముద్రాలు దాటిందో ఏమో, ఈ రేకుల ఇంట్లో ట్రంకుపెట్టె మీద దుప్పటి ముక్క పరిచి పెట్టిన ఫోను మీద వచ్చి వాలింది. ఆ ఫోను క్రాంతి కుమార్‌ది. క్రాంతి కుమార్ ఈ విశ్వాసమ్మకు కొడుకు, చైతన్యకు వ్యాపారంలో సగభాగం, మాటల్లో ముప్పాతిక భాగం. చలి తగ్గే రోజుల్లో ఒక రాత్రి మైదుకూరు దాటినాక, వెనక దీపాలు లేకుండా రోడ్డు మీద ఆగివున్న లారీ కిందికి మోటారు సైకిలుతో సహా పోయాడు. ఓటీపీలకు ఆ సంగతి తెలియదు. అవి మామూలుగానే వస్తాయి.

"మజ్జిగ తాగు నాయనా, ఎండకు పడి వచ్చినావు," అంది విశ్వాసమ్మ, గ్లాసు అతని పక్కన పెట్టి మళ్ళీ చేట ముందు కూలబడుతూ. విత్తనానికి శెనక్కాయలు వలుస్తోంది. టప్, టప్, టప్. ఒక్కో కాయ ఒక్కో చిన్న ఎముక విరిగినట్టు. ఈ పోలిక నాకెందుకు వచ్చింది అనుకున్నాడు చైతన్య, మజ్జిగ తాగాడు, ఉప్పు ఎక్కువైంది, బాగుందమ్మా అన్నాడు. పని మీద వేంపల్లెకు వచ్చి, పనిలో పనిగా చూసిపోదామని వచ్చానన్నాడు. అదీ అబద్ధం. ఈ మధ్య అబద్ధాలు అతనికి చెమటలా పడుతున్నాయి, ప్రయత్నం అక్కర్లేకుండా. కావలసింది ఆ ఫోను తెర మీద కనబడే కొన్ని అంకెలు. అడిగి తీసుకుంటే అర నిమిషం పని. కానీ ఎలా అడగడం? క్రాంతి నాన్న ప్రేమయ్య యురేనియం గని దగ్గర వాచ్‌మన్, నిన్న ఫోనులో గొంతు తగ్గించి ముందే చెప్పాడు: "ఆ ఫోను నేను ముట్టుకున్నా ఒప్పుకోదప్పా. చార్జింగు ఆమే పెడతాది, పక్కన ఆమే పండుకుంటాది. ఇంతవరకూ వాడు సచ్చిపోయినాడనే మాట ఆమె నోట్లోనించి రాలేదు. ఆగిపోయినాడు అంటాది. మైదుకూరు కాడ ఆగిపోయినాడు అంటాది. నువ్వు పోయి ఏం మాట్లాడతావో, చూసి మాట్లాడు."

చూసి మాట్లాడడం. చూస్తే మాట రావడం లేదు, అది వేరే సంగతి. క్రాంతి ఉంటే ఇక్కడొక మాట వేసేవాడు. వాడు మాట వెయ్యని చోటు లేదు. కడపలో ఏడురోడ్ల దగ్గర మేడ మీద గది అద్దెకు తీసుకుని, ఇద్దరి పేర్లూ కలిపి 'క్రాంతి చైతన్య' అని బోర్డు కట్టినప్పుడు, విప్లవ సంఘమేమోనని ఒక కానిస్టేబులు మెట్లెక్కి వచ్చి విచారించాడు. వెబ్‌సైట్లు చేస్తామన్నారు ఇద్దరూ. సైట్లంటే రియలెస్టేటా అన్నాడు. కడపలో సైటంటే నాలుగు రాళ్ళు పాతిన జాగా, ఆయన తప్పు కాదు. క్రాంతి ఆయన్నే కూర్చోబెట్టి టీ తెప్పించి, "అదే సార్, గాలిలో రాళ్ళు పాతుతాం," అన్నాడు. ఆ తర్వాత మల్టీసైట్ అంటే ఏమిటని ఎవరడిగినా వాడు ఆ కానిస్టేబులుకు చెప్పినట్టే చెప్పేవాడు: ఒకటే కాంపౌండు గోడ సార్, లోపల ఎన్నో సైట్లు. గేటు ఒకటే, వాచ్‌మన్ ఒకడే, ఎవరి ఇల్లు వాళ్ళది. ఇళ్ళన్నిటికీ ఒకటే రంగు, ఒకటే వాకిలి, ఒకటే కిటికీ, ఆ రంగూ వాకిలీ కిటికీని థీమ్ అంటారు, దాన్ని కొనుక్కోవాలి, కొన్నందుకు ఒక తాళంచెవి ఇస్తారు, దాన్ని లైసెన్సు కీ అంటారు. "పేరులోనే ముందు లై ఉండాది, సెన్సు ఎనకాల ఎప్పుడో వస్తాది," అనేవాడు. నవ్వేవాళ్ళు. నవ్వినవాళ్ళలో కర్నూలులో ఉండే చర్చిల సహవాసం కార్యదర్శి ఒకాయన. రెండు జిల్లాల్లో పల్లెపల్లెకూ ఉన్న తమ చర్చిలన్నిటికీ ఒక కాంపౌండు గోడ కట్టించే పని ఈ ఇద్దరికీ ఇచ్చాడు. థీమ్ కొన్నది క్రాంతి, తన పేరు మీద, తన ఫోను నంబరు మీద. థీమ్ వచ్చింది, ధీమా వచ్చింది. ఇప్పుడు రెండూ పోయాయి.

ఆ తాళంచెవిని గేటు దగ్గర ఒక్కసారి తిప్పితే చాలు. అంటే నెట్‌వర్కు మొత్తానికి పెద్ద సైటు ఒకటి ఉంటుంది, దాంట్లో కీ వేసి యాక్టివేట్ నొక్కితే లోపలి ఇళ్ళన్నీ తెరుచుకుంటాయి. చైతన్య ఈ సంగతి మొదటి రోజే చెప్పాడు. క్రాంతి వినలేదు, వినలేదనడం తప్పు, విన్నాడు గానీ ఊళ్ళు వినలేదు. మొదటి చర్చికి, అంటే ఇదే ఊరి చర్చికి, సైటు తయారైందని చెప్పగానే పెద్దలు ప్రతిష్ఠ కూడిక పెట్టారు. ప్రతిష్ఠ లేకుండా చర్చిలో గోడ గడియారం కూడా మొదలెట్టరు. పాస్టరు గారు ప్రార్థన చేశారు, తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టారు, ఊళ్ళో అందరికంటే పెద్దామె చేత యాక్టివేట్ బటన్ నొక్కిద్దామన్నారు, ఆ పెద్దామె కళ్ళజబ్బుతో రాలేకపోతే విశ్వాసమ్మ నొక్కింది. పచ్చటి టిక్కు పడింది. 'మీ లైసెన్సు చెల్లుతుంది' అని వచ్చింది. ఆమెన్ అన్నారు. బూందీ పంచారు. ఇంక పక్క ఊరు ఊరుకుంటుందా? ఆ ఊళ్ళో నొక్కితే మా ఊళ్ళో తెరుచుకునేదేంది, మా వాకిలి మేము తెరుచుకోవద్దా అన్నారు. "దేవుడు ఊరికొకసారి దిగిరాడు గానీరా, రిబ్బను ఊరికొకసారి కత్తిరించాల్సిందే," అని క్రాంతి ల్యాప్‌టాప్ వీపుకు కట్టుకుని ఊరూరా తిరిగాడు. ఊరికొక ప్రార్థన, ఊరికొక ముసలి వేలు, ఊరికొక పచ్చ టిక్కు. ఒక్కో టిక్కు థీమ్ అమ్మినవాళ్ళ లెక్కలో వేరే సైటుగా పడుతోందని చైతన్యకు తెలుసు. ఆ లెక్కకు ఒక హద్దు ఉందనీ తెలుసు. హద్దుకు అవతల అడుగు మాత్రం క్రాంతి వెయ్యలేదు. వాడు పోయిన తర్వాత బద్వేలు వైపు ఒక చర్చివాళ్ళు, క్రాంతి చేసినట్టే మాకూ చెయ్యండప్పా, వాని జ్ఞాపకంగా అన్నారు. ఆ మాటకు లొంగి చైతన్య పోయాడు. నాగలక్ష్మమ్మ అని, పేరు మార్చుకోకుండానే బాప్తిస్మం పుచ్చుకున్న ముసలామె, నవ్వుతూ నొక్కింది. టిక్కు ఎర్రగా పడింది.

ఎర్రగా పడి ఊరుకుంటే బాగుండేది. దొంగ వాడకమని అటువైపు యంత్రం తీర్మానించి, కీని మొత్తానికి బిగించేసింది. మర్నాటి నుంచి చర్చిలన్నిటి సైట్ల మీదా, వాక్యం పైన, పాస్టరు గారి ఫోటో పైన, అడ్డంగా ఎర్ర పట్టీ: 'ఈ సైటుకు చెల్లుబాటయ్యే లైసెన్సు లేదు.' లోపలికి పోయి ఒక్క అక్షరం మార్చే వీలు లేదు, పట్టీ తీసే వీలు అసలే లేదు. చైతన్య ముందు నవ్వుకున్నాడు. తర్వాత బద్వేలు దగ్గర పెళ్ళికూతురివాళ్ళు ఆ పట్టీ చూసి, పాస్టరుకు పెళ్ళిళ్ళు చేసే లైసెన్సు రద్దయిపోయిందట, ఆయన చేతి పెళ్ళి చెల్లదట అని ముహూర్తం ముందు రోజు మొండికేశారు. క్రైస్తవ పెళ్ళిళ్ళు చేసేవాళ్ళకు సర్కారు లైసెన్సు ఉండాలన్న మాట నిజమే కదా. పాస్టరు గారు తన అసలు లైసెన్సును చట్రంతో సహా గోడ మీంచి దింపి, చంకలో పెట్టుకుని వాళ్ళింటికి పోయి చూపించాల్సి వచ్చింది. ఈ పొద్దున కార్యదర్శి కర్నూలు నుంచి ఫోను చేశాడు. ఆయన అరవలేదు. "చైతన్యా, మా పాస్టరు అయ్యగార్ల పరువు ఎర్రపట్టీ కింద ఉండాది. ఈ సాయంత్రం ప్రార్థన లోపల అది పోవాల. పోకపోతే ఈడ కర్నూలులో వేరేవాళ్ళకు ఇస్తాం, నీ మీద కోపంతో కాదు," అన్నాడు. కోపంతో కాదు అన్న మాటే కోతలా తగిలింది. క్రాంతి కట్టిన కాంపౌండును వేరేవాళ్ళు వచ్చి చదును చేసి కొత్త రాళ్ళు పాతుతారు. ఊళ్ళలో వాడు నొక్కించిన వేళ్ళన్నీ గాలిలో నొక్కినట్టే.

దారి ఒకటే ఉంది. క్రాంతి ఖాతాలోకి పోయి, పడిన టిక్కులన్నీ తుడిపేసి, గేటు దగ్గర ఒక్క టిక్కు పెట్టడం. పాస్‌వర్డు చైతన్యకు తెలుసు. క్రాంతి పాస్‌వర్డులన్నీ ఒకటే, వాళ్ళమ్మ పేరు. విశ్వాసంతో మొదటి గడప దాటొచ్చు. రెండో గడప దగ్గర ఓటీపీ, కడప వాడికి ఆ గడప దాటడం చేతకాలేదు. ఇంకో దారి ఏమైనా చూపిస్తుందేమోనని రోజూ లాగిన్ నొక్కేవాడు, పొద్దున ఒకసారి, టిఫిను చేసి ఒకసారి, రాత్రి నిద్ర రాక ఒకసారి. చూపించదు. అడగకుండానే కోడ్ ఆ ఫోనుకే పోతుంది. థీమ్ అమ్మినవాళ్ళ సపోర్టుకు రాశాడు, క్రాంతి పేరుతోనే రాశాడు. ఖాతాదారు చనిపోయాడని రాస్తే ఖాతా బిగించి, మరణ ధ్రువపత్రం పంపమంటారు. ఆ పత్రం ప్రేమయ్య ఇంకా తీసుకోలేదు, తీసుకుంటే ఇంట్లోకి తేవాలి గనుక. నిజం రాయకపోవడానికి అదే కారణమని చైతన్య తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకున్నంత గట్టిగా నమ్మలేదు. పొద్దున్నే మెయిలు తెరిస్తే, ఏ దేశంలోనో కూర్చున్న ఒక మనిషి, ఆడో మగో తెలియదు, "హలో క్రాంతి, ఈరోజు నువ్వు హాయిగా ఉన్నావనుకుంటాను," అని రాసి ఉండేది. హాయిగానే ఉన్నాను అని చైతన్య జవాబిచ్చేవాడు, కింద క్రాంతి అని సంతకం పెట్టేవాడు. ఒకసారి ఆ మనిషి, "క్రాంతి, పాత మెయిళ్ళలో నువ్వు భలే నవ్వించేవాడివి, ఈ మధ్య నీరసంగా ఉన్నావు, అంతా క్షేమమేనా?" అని అడిగింది. ఆ రోజంతా చైతన్య క్రాంతి వేసేలాంటి జోకు ఒకటి తయారు చెయ్యడానికి కూర్చున్నాడు. రాలేదు. సాయంత్రానికి, తలనొప్పి అని రాశాడు.

టప్, టప్. బయట ఖనిజం లారీ ఒకటి పోయింది, గోడకు తగిలించిన గరిటెలు సన్నగా కదిలాయి. లారీ శబ్దం వినగానే విశ్వాసమ్మ చేతులు ఆగాయి, అది దూరమయ్యేదాకా ఆగి, మళ్ళీ కదిలాయి. ఈ దారిలో లారీలు రోజంతా పోతూనే ఉంటాయి కదా అని చైతన్య లెక్క వెయ్యబోయి, వెయ్యకుండా మానుకున్నాడు.

"మా వాన్ని ఎవురూ మరిసిపోలేదు నాయనా," అంది ఆమె, ఉన్నట్టుండి, కాయల వైపే చూస్తూ. "మొదట్లో వచ్చేటివి కావు. ఈ నెలలోనే శానా వస్తాండాయి మెసేజీలు. పొద్దున టిఫిను యాళకు ఒకటి వస్తాది. రాత్రి అందరూ పండుకున్నాక ఒకటి వస్తాది, ఎవురో పాపం, నిద్ర పట్టనోళ్ళు. ఇందాక నువ్వు రాకముందు చూడు, ఒకదానెనక ఒకటి మూడు వచ్చినాయి."

మజ్జిగ గ్లాసు ఖాళీ అయిందని తెలిసీ చైతన్య దాన్ని మళ్ళీ నోటి దగ్గరకు ఎత్తాడు. గ్లాసు వెనకాల మొహం కొంతసేపు దాగుతుంది. టిఫిను యాళ. కడపలో బండి దగ్గర ఉగ్గాని తిని, చేతులు తుడుచుకుని, మెట్లెక్కి వచ్చి తాను నొక్కే యాళ. రాత్రి అందరూ పండుకున్నాక, పక్కన పెళ్ళాం మధులత తల తిప్పి, ఇంకా ఆ చచ్చిన లైసెన్సేనా అని విసుక్కునే యాళ. ఇందాకటివి మూడు, ఆటోలోంచి. అడవిలో కనబడని వేటగాడు వదిలిన బాణాల్లాగా వచ్చి ఇక్కడ గుచ్చుకుంటున్నాయనుకున్నాడు ఇన్నాళ్ళూ, గుచ్చుకోలేదు, ఈమె వాటిని పూలలాగా ఏరుకుంటోంది. ఫోను గుర్రుమన్నప్పుడల్లా ఈ రేకుల కింద ఒకామె, నా కొడుకును లోకం తలుచుకుంటోంది అని లేచి కూర్చుంటోంది. తలుచుకుంటున్నది లోకం కాదు, లాగిన్. కోడ్ దొరికి, టిక్కులు తుడిచి, నంబరు తనది వేసుకుంటే ఎర్రపట్టీ పోతుంది, అయ్యగార్ల పరువు నిలబడుతుంది, పని తనకు మిగులుతుంది. ఆ మర్నాటి నుంచి టిఫిను యాళకు ఏమీ రాదు. రాత్రి ఏమీ రాదు. వారం చూస్తుంది, పది రోజులు చూస్తుంది. అందరూ ఒక్కసారే ఎట్లా మరిచిపోయారు నాయనా అని ఎవరినో అడుగుతుంది. ఆ అడిగేది నన్నే అయితే? నన్నే అడుగుతుంది, ఇంకెవరున్నారు అడగడానికి.

గంట కదలడం లేదు, ఎండ మాత్రం గడప దాటి లోపలికి వచ్చి ట్రంకుపెట్టె కాలు పట్టుకుంది. క్రాంతి శవాన్ని తెచ్చిన రోజున కూడా ఎండ ఇక్కడిదాకానే వచ్చింది. శవపెట్టె మూత వేసే ముందు పాస్టరు గారు అందరూ చూసుకోండి అన్నారు, చైతన్య చూడలేదు, వాడి బూట్లు చూశాడు, బూట్లకు బద్వేలు ఎర్రమట్టి. ఆ నాగలక్ష్మమ్మ పల్లెవాళ్ళతో సైటు సంగతి మాట్లాడి రావడానికే పోయాడు, చనిపోయిన రోజు సాయంత్రం. రాత్రి ఉండిపొమ్మన్నారట. అమ్మ మేలుకుని ఉంటాది అన్నాడట. వాలిని చెట్టు చాటునుంచి కొట్టినట్టు కొట్టింది ఆ లారీ అని తాను ఎవరితోనో అన్నాడు, అదే రోజు, శవం ఇంట్లో ఉండగానే. అని, ఇది క్రాంతికి చెప్పాలి, వాలికీ లైసెన్సు వ్యాలిడేషన్‌కూ కలిపి మాట ఒకటి దొరికింది, నవ్వుతాడు అనుకున్నాడు. అనుకుని లోపలికి చూశాడు.

తెర మీద ఎర్ర అక్షరాలు పోయి, నీలం బటన్ తిరిగి వచ్చింది. గంట అయిపోయింది. నొక్కకుండా ఉండొచ్చు. లేచి, పోయొస్తానమ్మా అని ఆటో ఎక్కొచ్చు. నొక్కి, ఆమె వంటింట్లోకి పోయినప్పుడు ఫోను తెర మీదికి ఒక్క చూపు చూసి అంకెలు దొంగిలించొచ్చు, అది ఇంకా తేలిక. ఆమె వంటింట్లోకి పోయే జాడ లేదు. చేటలో కాయలు ఇంకా ఉన్నాయి. నొక్కాడు.

ట్రంకుపెట్టె మీద ఫోను గుర్రుమంది.

"వచ్చె," అంది విశ్వాసమ్మ. మొహంలో ఏదో వెలిగింది, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు. చేతులు కొంగుకు తుడుచుకుని, మోకాళ్ళు పట్టుకుని లేచి, ఫోనును రెండు చేతులతో తెచ్చి అతని చేతిలో పెట్టింది. "సదువు నాయనా. మా ఇంటి ఆయప్పను అడిగితే కంపెనీ మెసేజీ అంటాడు, విసుక్కుంటాడు. నాకు సదువు రాదు. ఎవురో చెప్పు, ఏమని రాసినారో చెప్పు."

అంకెలు కళ్ళ ముందే ఉన్నాయి. వాటి కింద నిన్నటివి, మొన్నటివి, ఇందాకటివి, అన్నీ ఒకే పేరు నుంచి, ఒకదాని మీద ఒకటి పేర్చిన పలకల్లాగా. ఒక మాట అల్లి చెప్పడం ఎంతసేపు? బద్వేలు నాగలక్ష్మమ్మ మనవడంటమ్మా, అన్నా నిన్ను మరవలేదు అని రాశాడు. నెల రోజులుగా క్రాంతిగా రాస్తున్న చేతికి, క్రాంతికి రాయడం కష్టమా? నోరు తెరిచాడు. నాగ, అన్నంతవరకూ వచ్చింది.

"నేనేనమ్మా," అన్నాడు.

"ఏంది నువ్వు?"

"ఈ మెసేజీ. నిన్నటిది, మొన్నటిది. ఇందాక వచ్చినాయే మూడు, అవీ నేనే, ఆటోలో వస్తా నొక్కినా. ఎవురూ రాసినవి కాదమ్మా. సైటు తెరవడానికి వచ్చే అంకెలు. దాని కోసమే వచ్చినా ఈ పొద్దు కూడా. నిన్ను చూసేకి రాలా."

ఆమె నిలబడే ఉంది. "అన్నీనా?"

"అన్నీ."

"పేరు ఉండదా వాటిల్లో? మా వాని పేరు?"

"ఉండదు."

విశ్వాసమ్మ మెల్లగా కూర్చుంది, చేట దగ్గర కాదు, అతని పక్కన, గోడకు ఆనుకుని. అతని జేబులో ఫోను మోగింది, కర్నూలు నుంచి కార్యదర్శి. మోగి మోగి ఆగింది. అంకెలకు పది నిమిషాలే ప్రాణం, అందులో సగం పోయుంటుంది, ఇప్పుడు ల్యాప్‌టాప్ మీద వేళ్ళు పెడితే అందుతుంది, పెట్టడం మాత్రం అతని చేత కాలేదు. ఆమె తన గోళ్ళలోని మట్టి చూసుకుంటోంది.

"ఆ కంపెనీ వాళ్ళకు తెలీదా," అంది చివరికి, నెమ్మదిగా, ధర అడిగినంత మామూలుగా, "మా వాడు సచ్చిపోయినాడని?"

ఆ మాట వచ్చింది. ప్రేమయ్య గని గేటు దగ్గర ఉన్నాడు, వినలేదు. విన్నది చైతన్య ఒక్కడే, తాను వినాల్సింది కాదనిపించింది, ఎవరికో రావాల్సిన ఉత్తరం విప్పినట్టు.

"తెలీదమ్మా. నేను చెప్పలా."

"యాల చెప్పలా?"

"చెప్తే ఖాతా మూసేస్తారని." ఖాళీ గ్లాసు పక్కకు జరిపాడు. "వాళ్ళు దినమూ పొద్దున్నే వాన్ని పలకరిస్తాండారమ్మా. హలో క్రాంతి, బాగుండావా అని."

విశ్వాసమ్మ తల తిప్పి అతని మొహం చాలాసేపు చూసింది. ఎన్నాళ్ళుగానో ఎరిగిన మొహాన్ని అప్పుడే చూస్తున్నట్టు చూసింది.

"నీకూ అంతేనా, వాడు ఆగిపోయినట్టేనా," అంది.

బయట ఇంకో లారీ పోయింది. ఈసారి గరిటెలు కదిలి ఆగేదాకా ఇద్దరూ కలిసి విన్నారు. ల్యాప్‌టాప్ తెర మీద మళ్ళీ ఎరుపు, ఒక గంట తర్వాత ప్రయత్నించమని.

"నీకు కావాల్సిన అంకెలు రాసుకున్నావా?"

"టైము అయిపోయిందమ్మా. ఇవి ఇంగ పనికిరావు."

"మళ్ళా పంపొచ్చా?"

"పంపొచ్చు. గంట ఆగాల్న."

సాయంత్రం ప్రార్థన వేళకు గంట కంటే తక్కువే ఉంది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. విశ్వాసమ్మ అతని ఒళ్ళోంచి ఫోను తీసుకుంది, కొంగుతో తెర తుడిచింది, ట్రంకుపెట్టె మీద దుప్పటి ముక్క సరిచేసి, మొహం పైకి ఉండేట్టు పెట్టింది.

"రేపు చెప్పు ఆ కంపెనీ వాళ్ళకు. వాళ్ళడిగే కాగితం ఏదో, ఆయప్పతో తెప్పిస్తా," అంది. తిరిగి చేట దగ్గరకు పోయి కూర్చుంది. కాయ ఒకటి తీసింది గానీ విరవలేదు. "ఈ పొద్దుకు మాత్రం ఇంగొకటి పంపు."

"వచ్చేది అంకెలేనమ్మా. నేను పంపేటివే."

"తెలుసులే నాయనా," అంది విశ్వాసమ్మ, చేటను అతనికి అందేలా కొంచెం జరుపుతూ. "గంటే గదా. ఆగుదాం."